తొంభై ఆరు పళ్ళు

పాత సామాన్ల కొట్లో నూటయాభైకి బేరమాడిన కూలర్ మోటారు,
కింద నీలం డ్రమ్ము, పైన రెండు ట్రేలు,
ట్రేల నిండా కడిగి పోసిన పెంకుముక్కలు, కొబ్బరిపొట్టు,
అందులో పుదీనా, ఓ వరస పాలకూర.
డాబా మీది ఈ సంసారానికంతటికీ పెద్దదిక్కు
గోడకి తగిలించిన గుండ్రటి టైమరు.

దాని చుట్టూ తొంభై ఆరు పళ్ళు.
ఒక్కో పన్నూ ఒక్కో పావుగంట.
కిందికి నొక్కితే పోటు.
పైకి వదిలితే పాటు.

నర్సాపురంలో బోరు వేస్తే ఉప్పు.
కాలువ కట్టేసేలోగా పట్టి దాచిన నీళ్ళే
ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి,
దిగినవే మళ్ళీ ఎక్కుతున్నాయి.

మొదట్లో ఒకటి విడిచి ఒకటి నొక్కేశాను.
శివారు ఊళ్ళో పుట్టినదాన్ని,
మా చేలకి నీరందిన రోజే మాకు పండగ,
ఎక్కువై చచ్చిన మొక్కని నేనెక్కడ చూశాను?
పదో రోజుకి పాలకూర వేళ్ళు
మురిగిన లేసుదారంలా గోధుమరంగు తిరిగి
వేళ్ళ మధ్య జారిపోయాయి.
ఆ వాసన రెండు రోజులు నా చేతుల్ని వదల్లేదు,
అల్లిన లేసు గుమ్మస్తాకి ఇవ్వడానికే సిగ్గేసింది.

అప్పట్నుంచి పక్కనే కూర్చుని విన్నాను.
ట్రే నిండడానికి ఒక పువ్వు, రెండు ఆకులు.
దిగడానికి ఒక పువ్వు, అంచున పదకొండు గొలుసులు.
అన్నీ దిగాక గొట్టం చివర
ఎవరో ఆఖరి గుక్క తాగినట్టు చప్పుడు.
నీళ్ళు ఖాళీ చేసిన చోటికి
గాలి దూరేది ఆ గుటకలోనే.
నేను నొక్కాల్సింది నీళ్ళ పళ్ళు కాదు,
ఆ గుటకకి ఎంత తీరిక ఇవ్వాలో లెక్కేసి
మిగిలినవి.

లెక్క కుదిరింది అనుకుంటుండగా వైశాఖం, కరెంటు కోత.
రోజూ ముప్పావుగంట.
కరెంటు పోతే డయలూ ఆగుతుంది,
వచ్చాక, ఏమీ ఎరగనట్టు,
విడిచిన చోటే మొదలెడుతుంది.
పదిహేను రోజులు నేను చూసుకోలేదు,
పెళ్ళివారి టేబుల్‌క్లాతుల తొందరలో ఉన్నాను.
నా మధ్యాహ్నపు నీళ్ళు
రాత్రి పదకొండుంబావుకి ఎక్కుతున్నాయి.
నడి ఎండలో టైమరుకి అర్ధరాత్రి.
పుదీనా తల వేలేసింది.

టీకొట్టు వాళ్ళ కోసం పుదీనాకట్టకొచ్చిన
పంటు సరంగు ఒడుగు సోమన్న
చూసి ఒకటే నవ్వు:
"నీ మిషను గోదారి దగ్గర నేర్చుకుంది, మంగతాయీ!
పోటు కూడా రోజుకి రెండు ఘడియలు వెనకపడుద్ది.
దాన్ని తిప్పి సరిచేసేవోడెవడు?
మేవే పంటు జరుపుకుంటాం."

నాకు నవ్వు రాలేదు.
కట్టకి రెండు రూపాయలు ఎక్కువే తీసుకున్నాను.
రాత్రి పడుకున్నాక మాత్రం లెక్కేశాను:
రెండు ఘడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు.
నాది నలభై అయిదు.
సముద్రం నుంచి చంద్రుడు ఈడ్చుకొచ్చే వశిష్ఠకీ
సబ్‌స్టేషన్ వాడి వేలికి కట్టిపడేసిన నా ట్రేలకీ
మూడే మూడు నిమిషాల తేడా.
చీకట్లో అప్పుడొచ్చింది నవ్వు,
పక్కన మా చెల్లి లేచి కూర్చుంది.

ఇప్పుడు దీపాలవేళ ఫోను చూసి
డయలు తిప్పి దారికి తెస్తాను.
పదకొండు నుంచి మూడు దాకా
ఒకటి నొక్కి రెండు వదులుతాను.
పొద్దున, సాయంత్రం దూరందూరంగా.
రాత్రి ఒంటిగంటకి ఒక్కటే, అదీ మొహమాటానికి.

నాలుగుంబావు పన్ను ఒక్కటే ఇంకా తేలలేదు.
నొక్కితే వేళ్ళు బరువు, వదిలితే ఆకు బరువు.
ఒకరోజు నొక్కుతాను, ఒకరోజు వదులుతాను.
ఇవాళ సముద్రపు గాలి కాస్త ముందే తిరిగింది,
వదిలేశాను.
క్రోషే సూది ఒళ్ళో పెట్టుకుని
ఆకులకేసి చూస్తూ కూర్చున్నాను.